ఓరిన్ తాత తుపాకీ ముందుచెక్క

మా ఊళ్లో ఓరిన్ స్ట్రౌప్ ముందు పాత జంటగొట్టాల తుపాకీ బయటికి తీయాలంటే మగాళ్లకి గుండె దడ. గొట్టాలు ఊడదీసి, వేలికి వేలాడదీసి, గోటితో కొడతాడు. గంటలా మోగితే తలాడిస్తాడు. మొద్దుగా చప్పుడైతే, "గొట్టాల మధ్య అతుకు వదిలింది నాయనా" అని చావుకబురు చెప్పినట్టు చెబుతాడు. తరవాత భూతద్దం తీస్తాడు. గొట్టాల కింది నంబరూ, వాటి కింద చెయ్యి పట్టే ముందుచెక్క లోపలి ఇనుము మీది నంబరూ ఒకటే కావాలి. కాకపోతే అది రెండు తుపాకుల సంకరం. వార్నిష్ వేసుంటే మహాపాపం. "పాత జిడ్డు గీకకండి, అదే దాని వయసు" అన్నది మోషేకి అందకుండాపోయిన పదకొండో ఆజ్ఞ.

ఏటా వసంతంలో ఫైర్‌స్టేషన్ హాల్లో, ఊరంతా కలిసి పాన్‌కేకులు తినే పొద్దున, ఏ మార్పుకీ ఎవరి చెయ్యీ పడని తుపాకీకి నీలం రిబ్బన్ ఇచ్చేది ఆయనే. ఈ ఏడు తన తాత తుపాకీ కూడా తెచ్చి పోటీలో పెట్టాడు. తీర్పూ తనదేనన్నాడు. రిబ్బన్ కోసం ఇంట్లో గోడకి మేకు కూడా కొట్టేశాడని వాళ్లావిడే నాతో చెప్పింది.

నిరుడు తన తుపాకీని ఆయన చేత సంకరం అనిపించుకున్న డెల్బర్ట్ ఫిన్నీ, పాన్‌కేకు సిరప్ అంటిన చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు.

"అందరివీ విప్పావు. నీదీ విప్పరా ఓరిన్."

"మా తాతదా? మా నానమ్మని పెళ్లి కాయితం చూపించమన్నట్టుంది!"

"చూపించమందాం. పోయేదేముంది?"

హాలంతా నవ్వింది. ఓరిన్ ముందుచెక్క ఊడదీశాడు. లోపల తరాల జిడ్డు. డెల్బర్ట్ అగ్గిపుల్లతో గీకాడు. ఓరిన్ భూతద్దంలో చూశాడు. తుడిచి మళ్లీ చూశాడు. నంబర్లు కలవలేదు.

డెల్బర్ట్ వంగి చూసి గట్టిగా అరిచాడు. "ఏడాదిగా నిద్దట్లో కలవరిస్తున్న నంబరిది! నా గొట్టాల మీదిది!"

డెల్బర్ట్ తుపాకీ తెచ్చి విప్పితే, దాని ముందుచెక్కలో ఓరిన్ గొట్టాల నంబరు. రెండూ ఒకే కార్ఖానావి, ఒకే రకం. తాతలిద్దరూ కలిసి వేటాడి, తడిసొచ్చి, ఒకే వంటింటి బల్ల మీద తుపాకులు విప్పి తుడుచుకునేవాళ్లు. మధ్యలో పులిసిన యాపిల్ రసం కూజా. ఎవరి చెక్క ఎవరికి బిగించారో ఆ కూజాకే తెలియాలి.

"మార్చుకుందామా?" అన్నాడు డెల్బర్ట్.

మార్చుకోకపోతే ఓరిన్ నోటి మాట ప్రకారం తాత తుపాకీ సంకరం. మార్చుకుంటే వచ్చేది వార్నిష్ చెక్క. డెల్బర్ట్ నాన్న ఒకప్పుడు తుపాకీకి వార్నిష్ వెయ్యడం ఆ ముందుచెక్కతోనే మొదలెట్టాడు. ఇంతలో వేట రోజులొచ్చి, మిగతా తుపాకీ బతికిపోయింది.

ఓరిన్ రెండు చెక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆఖరికి మార్చాడు. రెండూ టక్కుమని కూర్చున్నాయి. ఆయన తుపాకీ ముందుభాగం చర్చి బెంచీలా తళతళలాడింది. డెల్బర్ట్‌ది మాత్రం నంబర్లు కలిసి, ఎవరి చెయ్యీ పడకుండా, హాల్లో దానికి సాటి లేకుండా నిలిచింది.

"రిబ్బన్ నీ చేత్తోనే పెట్టాలిరా" అన్నాడు డెల్బర్ట్.

ఓరిన్ పెట్టాడు. రిబ్బన్ వంకర పోలేదు. డెల్బర్ట్ పొంగిపోయి, కొత్తగా వచ్చిన ముందుచెక్కని గుడ్డతో రుద్దబోయాడు.

"తుడవకురా దరిద్రుడా!" అని ఓరిన్ గుడ్డ లాక్కున్నాడు. "అది మా ఇంటి జిడ్డు!"