మా ఇంటి గోడ మీది గ్లాసు

సహోదరులారా, అమెరికాలోని నల్లజాతి విశ్వాసుల పోరాటం సంగతి నాకు మొట్టమొదట చెప్పింది మా గిద్దలూరు సంఘంలోని మరియమ్మ టీచరక్క. ఆమె చెప్పేదాకా నేనెంత చీకట్లో ఉన్నానో నాకే తెలియదు.

నేను బడికి పోలేదు, నాయనే బైబిలు ముందర పెట్టి ఇంట్లో అక్షరాలు నేర్పించినాడు. అంతటి నాయన, నా ఎనిమిదో ఏట కంభం సంతకు తీసుకపోయినప్పుడు, టీ దుకాణం పక్కగోడ మీద మా దళితులకని విడిగా పెట్టిన గ్లాసు తెచ్చుకొని, టీ తాగి, తన చేత్తోనే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించినాడు. ఆ తర్వాత నలభై ఏండ్లు నేను ఏ దుకాణంలోనూ టీ ముట్టలేదు. ఆ దుకాణమాయన్ని క్షమించినానని ప్రార్థనలో నోటితో అంటే మనసు ఒప్పేది కాదు.

పోయినేడు టీచరక్క మా ఇంట్లో కూర్చొని, ఆ దేశంలో నల్లజాతివాళ్ళను బస్సులో వెనక కూర్చోబెట్టేవాళ్ళని, తెల్లవాళ్ళు ఎక్కితే లేచి సీటు ఇయ్యాలనేవాళ్ళని, ఒక ఊళ్ళో వాళ్ళు ఏడాదికి పైగా బస్సే ఎక్కకుండా పనులకు నడిచిపోయినారని, చర్చిల్లో కూడి పాడుకుంటా ప్రార్థించుకుంటా బలం తెచ్చుకున్నారని చెప్తా ఉంటే నాకు ఏడుపు ఆగలేదు. మాలాంటివాళ్ళు సముద్రాల అవతల కూడా ఉన్నారే, వాళ్ళతోనూ ప్రభువు నడిచినాడే అనిపించింది. ఆ ఆదివారమే సండేస్కూల్లో పిల్లలకు అదంతా చెప్పి, నాయన గ్లాసు సంగతీ చెప్పినాను.

మా చెల్లెలి కూతురు దీన లేచి, "పెద్దమ్మా, మరి మన లింగమ్మవ్వ గ్లాసు కూడా గోడ మీదనే ఉంటది గదా, ఎందుకు?" అన్నది.

లింగమ్మవ్వ నల్లమలలోని చెంచు గూడెం నుంచి తేనె, కుంకుడుకాయలు తెచ్చే మనిషి. ఆమెను ఎప్పుడూ టీ ఇయ్యకుండా పంపలేదని దేవునికి కృతజ్ఞతలు కూడా చెప్పుకునేదాన్ని. ఆ టీ పోసే గ్లాసు మాత్రం మా పెరటిగోడ మీద విడిగా ఉండేది, ఎవరూ పెట్టమనలేదు, నేనే పెట్టినాను. ఇంటికి పోయి ఆ గోడ దగ్గరనే మోకరించి, "ప్రభువా, ఆ దుకాణమాయన మీద నేను మోపిన నేరం నా మీద కూడా ఉంది, మా ఇద్దరినీ క్షమించు" అని ఏడ్చినాను. నలభై ఏండ్లు ఒప్పుకోని మనసు ఆ రోజు ఒప్పుకుంది, కోపం దిగిపోయింది. దేవునికే మహిమ.

అవ్వ మళ్ళీ వచ్చినప్పుడు మేము తాగే గ్లాసులోనే టీ ఇచ్చినాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందమ్మో, నా గ్లాసు ఎవరన్నా ఎత్తుకపోయినారా?" అని నవ్వింది.

"తీసేసినానవ్వా. ఇన్నాళ్ళూ తప్పు చేసినాను."

ఆమె టీ తాగి, తొట్టి దగ్గరికి పోయి గ్లాసు కడిగి, గోడ మీద బోర్లించి పోయింది. అచ్చం మా నాయన లాగనే.

ఇప్పటికీ అట్లనే చేస్తా ఉంది. వద్దంటే, "కానీలే తల్లీ" అంటది.

సహోదరులారా, మీ ఇంట్లో కూడా అట్లాంటిది ఏదన్నా ఉంటే ప్రభువు ముందర పెట్టండి, ఆయన తోసెయ్యడు. నా కోసం కాదు గానీ, మీ ప్రార్థనల్లో లింగమ్మవ్వను తలచుకోండి. తాగిన గ్లాసు కడగకుండా అక్కడే పెట్టి లేచిపోయేంత నమ్మకం ఆమెకు మా ఇంట్లో కలగాలని అడగండి.