అమ్మకు సైటేషన్లు పెరిగిన సాయంత్రాలు

మా చిన్నప్పుడు... నాచారంలో సాయంత్రం అయిందంటే ఫ్యాక్టరీ సైరన్ మోగేది. పక్కింటి అండాలత్త పొయ్యి మీద చాయ్ పెట్టేది. మా ఇంట్లో మాత్రం కంప్యూటర్ ఆన్ చేసిన చప్పుడు వినిపించేది... అంటే అమ్మ వచ్చిందన్నమాట.

అమ్మ కంటి డాక్టరు. కంటి లోపల వెనకాల ఉండే పొర, రెటీనా... దానికొచ్చే జబ్బులు చూసేది. షుగరు ముదిరి చూపు మసకబారిన వాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆమె దగ్గరికి వచ్చేవారు. పగలంతా వాళ్ల కళ్లు చూసి, ఇంటికొచ్చి వాటి గురించే పేపర్లు రాసేది. అవి వేరే దేశాల వైద్య పత్రికల్లో అచ్చయ్యేవి.

నాన్నకు రామగుండంలో ఉద్యోగం, నెలకోసారి వచ్చేవాడు. తోబుట్టువులు లేరు. ఇక ఇంట్లో ఉండేది ఎవరంటే... నేను, అమ్మ వీపు. నవ్వకండి, నిజంగానే! హోంవర్కు చేసుకుంటూ నేను చూసేది ఆ వీపునే.

ఎప్పుడు పిలిచినా ఒకటే మాట. "ఈ పేపరొక్కటి పంపనీ బిడ్డా. పంపినంక మౌలాలి గుట్ట ఎక్కుదాం." ఆ గుట్ట మా డాబా మీది నుంచి కనిపించేది. పేపరు వెళ్లేది. ఇది సరిగ్గా లేదు, అది మార్చండి అంటూ కొన్నాళ్లకు తిరిగొచ్చేది. అమ్మ మళ్లీ కుర్చీలో కూర్చునేది. మా తలుపు మీద 'రేపు రా' అని రాసి పెట్టుకుంటే సరిపోయేది.

అయితే ఒక్కోరోజు అమ్మ గిర్రున నావైపు తిరిగేది. "సైటేషన్లు పెరిగినయే!" అనేది, మొహం వెలిగిపోతుండగా. ఇక ఆ పూట రాయడం బంద్. ఆటో ఎక్కి ఉప్పల్ చౌరస్తాకు వెళ్లి మిర్చి బజ్జీలు తినేవాళ్లం. అందుకే ఆ సైటేషన్లంటే ఏంటో తెలియకుండానే, అవి పెరగాలని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఒకసారి సంతోషం ఆపుకోలేక అండాలత్తకు చెప్పేశాను. "అత్తా, మా అమ్మకు సైటేషన్లు పెరిగినయ్!"

బియ్యం చెరుగుతున్న అత్త చాట కింద పెట్టేసింది. "అయ్యో! సైటు పెరిగిందా? ఊరందరి కండ్లు సూసే డాక్టరమ్మకే గిట్లయిందా!"

లోపలి నుంచి మామ గొంతు... "ఏందీ, సైటు గొన్నరా? ఏడ, పోచారం దిక్కేనా? ఎన్ని గజాలంట?"

మర్నాడు పొద్దున్నే అత్త పొన్నగంటి కూర కట్టలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "వారం దినాలు తినుండ్రి డాక్టరమ్మా, కండ్లకు మస్తు మంచిది" అంది. అమ్మ కడుపుబ్బ నవ్వింది. అత్త మాట తీసెయ్యలేక రోజూ వండింది కూడా! ఆ వారమంతా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం.

ఆ అన్నం దగ్గరే అడిగాను, అసలు సైటేషన్ అంటే ఏంటని. అమ్మ ముద్ద కలుపుతూ చెప్పింది. "యాడనో ఒక డాక్టరు కొత్తగ ఏదన్న రాస్తడు గద. గీ సంగతి ఫలానా ఆమె ముందుగాల్నే చెప్పింది అని నా పేరు తలుచుకుంటడు. గంతే."

"అయితే నేను తలుచుకున్నా పెరుగుతయా?"

అమ్మ నవ్వేసింది. "మనోళ్లు తలుచుకుంటె లెక్కకు రాదు బిడ్డా. బయటోళ్లే తలుచుకోవాలె."

వాళ్ల లోకంలో అది నిజమే. ఎవరి రాతల్ని వాళ్లే చెప్పుకుంటే విలువ ఉండదట, పెద్దయ్యాక తెలిసింది. కానీ అప్పుడు నాకది తెలియదు. బడి నుంచి వచ్చి, తాళం తీసుకుని, అమ్మ ఎప్పుడొస్తుందా అని మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని తలుచుకున్నవన్నీ ఉత్తవేనా? ముద్ద నోట్లో ఉండగానే ఏడుపు తన్నుకొచ్చి దగ్గు పట్టుకుంది. పొలమారిందనుకుని అమ్మ నా నెత్తి మీద తట్టింది. "ఎవరో తలుచుకుంటున్నట్టున్నరే నిన్ను" అంది.

నన్నెవరు తలుచుకుంటారు? నన్ను తలుచుకోవలసిన మనిషి ఎదురుగానే కూర్చుంది.

ఆ తర్వాత నేనెప్పుడూ గుట్ట ఊసెత్తలేదు. అమ్మా ఎత్తలేదు...

ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాను. నాన్న రిటైరై చిన్నాన్న దగ్గరికి వెళ్లిపోయాడు. అమ్మ పోయి రెండేళ్లవుతోంది.

మొన్న ఆదివారం ఏమీ తోచక ఫోన్లో అమ్మ పేపర్లన్నీ ఉండే పేజీ తెరిచాను. మనిషి లేకపోయినా సైటేషన్లు పెరుగుతూనే ఉన్నాయి! బ్రెజిల్ నుంచి ఒకరు, కొరియా నుంచి ఇంకొకరు... ముందు సంతోషమేసింది. ఎవరికైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు? అండాలత్త వాళ్లు ఇల్లమ్ముకుని ఎటో వెళ్లిపోయారు. ఆ జాగాలో ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది, అందులో ఎవరుంటారో ఎవరికీ తెలియదు.

తర్వాత కుళ్లు పుట్టింది. దాచుకోవడం ఎందుకు, కుళ్లే! వాళ్లకు అమ్మంటే ఒక ఇంటిపేరు, రెండు పొడి అక్షరాలు. ఆమె నవ్వితే ఎలా ఉంటుందో కూడా తెలియదు. అయినా అమ్మ రాసింది వాళ్లందరూ చదివారు. కన్నకూతురిని, నేనే ఒక్క పేజీ చదవలేదు.

అందుకే ఇప్పుడు ఆఫీసు నుంచి రాగానే ఒక్కో పేపరే తెరిచి చదువుతున్నాను. రక్తనాళాలు, వాపు, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు... నా బుర్రకు సగం ఎక్కవు. అయినా వదలను. నాకు రావలసిన సాయంత్రాలన్నీ అందులోనే ఉన్నాయి మరి.

మీ ఇళ్లలోనూ ఇలా ఊరందరికీ పంచగా మీకు కాస్తే మిగిలిన మనిషి ఎవరైనా ఉండేవారా? ఉంటే రాయండి... ఇంట్లో ఒక్కదాన్నే, అన్నీ చదువుతాను.