తోక గీయని కోతి బొమ్మ

టీచర్ పోయిన సంగతి నాకు ఆలస్యంగ తెలిసింది. నేనప్పుడు కోస్టారికాల, అడవి లోపలి క్యాంపుల ఉన్న. అక్కడ ఫోన్ పని చేయది. సరుకుల కోసం కింది ఊరికి దిగినప్పుడే మెసేజీలన్నీ ఒక్కసారి మీద పడుతయి. ఆ రోజు పడ్డవాటిల మొయినాబాద్ నుంచి టీచర్ చెల్లెలు పంపిన వాయిస్ మెసేజ్ ఉన్నది. "బిడ్డా, అక్క పోయింది. నిద్రలనే పోయింది, బాధ పడలే. నీకు ఫోన్ కలుస్తలేదు. నిన్న మట్టి చేసినం." అది పంపి అప్పటికే వారం దాటింది. బియ్యం సంచి పక్కన పెట్టి ఆ దుకాణం అరుగు మీదనే కూసున్న. ఏడ్వనీకి కూడ ఆలస్యమైందనిపించింది.

ఆమె మాకు చేవెళ్ల బడిల డ్రాయింగ్ టీచర్. అంతకుముందు చిన్న వయసుల, సిటీల చార్టులు అచ్చేసే ఒకాయన దగ్గర జంతువుల బొమ్మలు గీసేది. బడి గోడలకు వేలాడే చార్టులు మీకు యాదికుండే ఉంటయి. పాలిచ్చే జంతువులు, పక్షులు, పాములు. గీసినోళ్ల పేరు వాటి మీద ఎక్కడా ఉండది. మీరు చూసినవాటిల కొన్ని ఆమె చేతివే కావచ్చు.

మా క్లాసుల ఉన్నది కోతుల చార్టు. దాంట్ల ఒక మూలకు నల్లటి కోతి ఒకటి పండ్లు బయటపెట్టి, మీదికి దుంకెటట్టు చూసేది. కింద 'హౌలర్ కోతి' అని రాసి ఉండె. దక్షిణ అమెరికా, మధ్య అమెరికా అడవులల్ల ఉంటదని, దాని కూత మైళ్ల దూరం వినపడుతదని మా సైన్స్ సార్ చెప్పిండు. డ్రాయింగ్ పీరియడ్‌ల నేను లేచి అడిగిన. "టీచర్, ఇది మీరు గీసిందేనంట, నిజమేనా?"

"నేనే గీసిన. తప్పు గీసిన," అన్నది టీచర్.

ఒక టీచర్ నోటి వెంట గసొంటి మాట మేం ఎన్నడూ వినలే. ఆమె మెల్లగ చెప్పింది. ఆ బొమ్మ కోసం సిటీల ఒక కాలేజీ మ్యూజియంల గాజు పెట్టెల పెట్టిన కోతిని చూసిందట. తోలుల గడ్డి కుక్కి నిలబెట్టిన కోతి అది. కుక్కినోళ్లు బతికిన హౌలర్‌ను చూసినోళ్లు కారు. కుక్క కోపానికొస్తే ఎట్లుంటదో అట్ల నోరు తీర్చి కుట్టిన్రు. "పాత రోజుల్ల దూరదేశాల జంతువుల బొమ్మలు చానా గిట్లనే పుట్టినయి. ఓడల మీద తోళ్లు వచ్చేటివి. గీసేటోళ్లు తోలును ముంగట పెట్టుకొని, ముఖం మాత్రం తమకు తెలిసింది పెట్టేటోళ్లు. కొన్ని కోతులకు ముసలి మనిషి ముఖం, కొన్నిటికి కుక్క ముఖం. నేను గూడ సచ్చినదాన్ని చూసి బతికినట్టు గీసిన."

"తప్పని మీకెట్ల తెలిసింది టీచర్?" అన్న.

"అందరు పండ్లు గట్టిగ బిగబట్టి కూత పెట్టున్రి," అన్నది. పెట్టినం. ఈ... అని సన్నగ వచ్చింది. "ఇప్పుడు పెదవులు ముందుకు తెచ్చి గుండ్రంగ చేసి పెట్టున్రి." పెట్టినం. కిటికీల మీది పావురాలన్నీ ఎగిరిపోయినయి. హెడ్మాస్టర్ బెత్తం పట్టుకొని పక్క రూములకెల్లి ఉరికొచ్చిండు. టీచర్ నవ్వు ఆపుకుంట, "పాఠమే సార్, పాఠమే చెప్తున్న," అన్నది. ఆయన పోయినంక మా దిక్కు తిరిగింది. "చూసిన్రా? అంత దూరం వినపడే జంతువు పండ్లు బిగబట్టి ఎట్ల అరుస్తది? గీసేటప్పుడు నాకీ సంగతి తోచలే. అచ్చు పడి ఊరూరికి పోయినంక తోచింది."

ఆ చార్టును అప్పటికే ఆపనీకి లేకుండె. అచ్చేసిన ఆయన దుకాణం బంద్ చేసిండు. ఎన్ని బళ్లల్ల, ఎన్ని గోడల మీద ఆ కోతి పండ్లు చూపెట్టుకుంట ఉన్నదో ఆమెకు తెలువది. అది ఆమెను చివరిదాంక సతాయించింది. పిల్లలు తన బొమ్మ చూసి ఒక సాధువైన జంతువును క్రూరమైందని నమ్ముతున్నరని ఆమె రంది. చిన్న సంగతే కద అని మీకనిపించొచ్చు. ఆమెకు చిన్నది కాలే.

ఆ తరువాత మాతోని చూడని బొమ్మ ఒక్కటి గీయించలే. మేక గీయాలంటే మేక దగ్గరికి పోవాలె. కోతులు గీయాలంటే ఒక శనివారం మమ్ముల ఆటోల చిల్కూరు గుడికి తీసుకపోయింది. ఆమె చర్చికి పోయే మనిషి. గుడి బయట చెప్పుల దగ్గర మమ్ముల కూసోబెట్టి, "దేవుని దగ్గరికి మీరు పోయి రాన్రి. నా పని బయటున్నోళ్ల తోటి," అని కోతుల దిక్కు చూపెట్టింది. కొబ్బరి చిప్ప గుంజుకొని ఉరికిన కోతిని నేను మొత్తం గీసి చూపెడితే, వేలు దాని వెనక కాలు మీద పెట్టింది. "ఇది చూసినవా?"

"లేదు టీచర్. స్తంభం అడ్డమొచ్చింది."

"మరెందుకు గీసినవ్? తెలువని కాడ తెల్లగ ఇడిసిపెట్టు." రబ్బరు తీసి నా చేతుల పెట్టింది.

ఆ మాట మీదనే నా బతుకు నడిచింది. డిగ్రీ అయినంక కోతుల మీద పరిశోధన చేయనీకి కోస్టారికాల చోటు దొరికింది. బాపు ఒప్పుకోలే. మాది వ్యవసాయం ఇల్లు. బాపు అప్పుడు సర్పంచ్ ఎలక్షన్ల తిరుగుతున్నడు. టీచర్ బస్సెక్కి మా ఊరికొచ్చింది. ఎప్పుడొచ్చినా వాకిట్లనే నిలబడి మాట్లాడి పోయే ఆమెను ఆ రోజు బాపు లోపలికి పిలిచి కుర్సీ ఏసిండు.

"కోతులను చూడనీకి సముద్రాలు దాటాల్నా టీచరమ్మా? మా మక్క చేన్ల పొద్దంత అవే కద. ఈమెను ఆడ కావలి పెడుత," అన్నడు బాపు.

టీచర్ నవ్వలే. "అన్నా, మీ చేన్ల కోతుల గుంపుల ఏది పెద్దది, ఏది ముందుగాల దిగుతది, ఏది దేనికి బెదురుతది, అన్ని చెప్తరు మీరు. ఎట్ల తెలిసింది?"

"రోజు చూస్త గద."

"మీ బిడ్డ గూడ రోజు చూడనీకే పోతున్నది."

బాపు జర సేపు మీసం సవరించుకున్నడు. తరువాత, "ఆడ ఈమెకు బువ్వ ఎవలు పెడుతరు?" అని అడిగిండు. అదే ఆయన ఒప్పుకున్నట్టు. మొన్న టీచర్ పోయిన వార్త నేను ఫోన్ చేసి చెప్పినప్పుడు బాపు, "ఆమెను ఇంకా ముందే లోపలికి పిలవాల్సి ఉండె బిడ్డా," అన్నడు.

హౌలర్ కోతి కూత నేను మొదటిసారి విన్నది అక్కడికి పోయిన మరునాడు, తెల్లవారుతుంటే. ముందు ఎక్కడో లారీ స్టార్టు కాక గుర్రుమన్నట్టు వచ్చింది. ఆ గుర్రు పెరిగి పెరిగి చెట్లన్నీ ఒకటే గొంతుతోటి మూలిగినట్టయింది. పులి వచ్చిందనుకొని గుడారంల దుప్పటి ముసుగేసుకున్న. బయటికొచ్చి దుర్బిణి పెట్టి చూస్తే పై కొమ్మ మీద ఒక మగ కోతి కూసున్నది. నల్లటి ఒళ్లు, పక్కలకు బంగారు రంగు కుచ్చులు. తల ముందుకు చాపి, పెదవులు గరాటు లెక్క చేసి, గడ్డం కింద గొంతు ఉబ్బించి అరుస్తున్నది. గొంతుల దానికొక బోలు ఎముక ఉంటది, చిన్న కుండ తీరుగ. కూత దాంట్ల పడి పెద్దగైతది. గుంపులు ఒకదానికొకటి ఎదురుపడి కొట్లాడుకోకుండ ఉండనీకే అవి ఎక్కువ అరుస్తయి. అరిచి, ఆకులు తిని, పగలంత కొమ్మల మీద కాళ్లు చేతులు వేలాడేసి పండుతయి. అరిచేటప్పుడు దాని నోట్ల పండ్లు మాత్రం నాకు కనపడలే.

ఆ వారం ఊరికి దిగంగనే టీచర్‌కు ఫోన్ చేసిన. "టీచర్, మీరన్నదే నిజం! పండ్లు కనిపించవు!"

"ఏంది? జర గట్టిగ చెప్పు."

బజారుల నిలబడి తెలుగుల మొత్తుకున్న. అక్కడి మనుషులు ఆగి ఆగి చూసిన్రు. అయినా ఆమెకు వినపడలే. చెల్లెలు ఫోన్ తీసుకొని, "పండ్లు కనిపియ్యయంట అక్కా!" అని చెవుల ఒర్రింది. తరువాత టీచర్ గొంతు దూరం నుంచి వచ్చింది. "మరి పెదవులు ఎట్లుంటయో అడుగు."

ఆమెకు చెవులు పోతున్నయని నాకు అప్పుడే తెలిసింది. మిషన్ పెట్టిచ్చిన్రు గని, అది చెవుల ఈల ఏస్తున్నదని తీసి డబ్బాల పెట్టిందట.

ఆమెకు వినిపియ్యాలనే నేను కూతలను మంచిగ రికార్డు చేసిన. సెలవు దొరికి ఇంటికొచ్చేసరికి రెండేండ్లు గడిచినయి. మొయినాబాద్‌ల ఆమె ఇంటికి స్పీకర్ పట్టుకొని పోయిన. అప్పటికి ఆమెకు పూర్తిగ వినపడుతలేదు. అయినా పెట్టమన్నది. పెట్టిన. గల్లీల కుక్కలన్నీ ఒక్కసారి మొరిగినయి. వంటింట్లకెల్లి చెల్లెలు, "ఓ యేసయ్యా, ఏంది ఆ చప్పుడు!" అనుకుంట బయటికి ఉరికొచ్చింది. పక్కింటి ఆటో ఆయన గోడ మీదికెల్లి తొంగి చూసిండు. టీచర్ మాత్రం మా ముఖాలను ఒక్కొక్కటి చూసుకుంట కూసున్నది. మా ముఖాలల్ల ఆ కూతను వెతుక్కుంటున్నదని నాకు తెలిసింది.

"ఎట్లున్నది?" అని అడిగింది.

కాగితం మీద 'లారీ ఘాట్ ఎక్కినట్టు' అని రాసిన. కొట్టేసిన. 'బావిల గాలి దూరినట్టు' అని రాసిన. అదీ కాదు. ఆమె నా చేతులకెల్లి పెన్ను తీసుకున్నది. "రాయకు. చేసి చూపెట్టు."

ఆ వాకిట్ల కుర్సీ మీద నేను కోతి లెక్క కూసున్న. తల ముందుకు చాపిన, పెదవులు గరాటు చేసిన, కూత పెట్టిన. ఆటో ఆయన నవ్వు ఆపుకోలేక గోడ దిగిపోయిండు. టీచర్ లేచొచ్చి రెండు వేళ్లు నా గొంతు మీద పెట్టింది. "ఆగకు. మళ్ల పెట్టు. పండ్లు కనిపిస్తున్నయి, దాచు. కండ్లు అట్లనే మూస్తదా? సగమా?" నా ముఖం కోసం కాదు, నా ముఖం వెనక ఉన్న ముఖం కోసం చూస్తున్నదామె. చెల్లెలు తెచ్చిన చాయ చల్లారిపోయింది. నా దవడలు నొచ్చినయి. ఆమె పెన్సిల్ ఆగలే. వీడియోలు ఆమెకు ముందే పంపిన. అవి పొద్దుగాల నుంచి వందసార్లు చూసి కూడ, పెదవి కింద నీడ ఎక్కడ పడుతదో తేలలేదన్నది.

నాలుగు రోజులు వరుసగ పోయిన. ఐదో రోజు బొమ్మ ముంగట పెట్టింది. అది హౌలర్ కోతే. నేను రోజు చూసే కోతి. నోరు గుండ్రంగ, గొంతు నిండుగ, కండ్లల్ల కోపం లేకుండ. వెనక మాత్రం కాగితం తెల్లగ ఉన్నది. తోక లేదు.

హౌలర్ తోక కొసకు లోపలి దిక్కు వెంట్రుకలుండయి. మన అరచేతి లెక్క బోడిగ, గీతలతోటి ఉంటది. దాంతోటే కొమ్మను పట్టుకుంటది. అది చెప్పి, ఫోటో చూపెట్టి, "గీయరా టీచర్?" అని సైగ చేసిన.

"నోరు నీ నోరు చూసి గీసిన. తోక నీకు లేదు కద," అన్నది. చెల్లెలు పడి పడి నవ్వింది. టీచర్ కూడ నవ్వి, తరువాత నెమ్మదిగ అన్నది. "తోక నేనొచ్చి గీస్త. విననీకి లేదు. చూడనీకన్న వస్త."

ఊరికే అన్న మాట కాదది. పాస్‌పోర్ట్ తీసుకున్నది. బోనాలయినంక బయల్దేరుదామని మాట్లాడుకున్నం. గుండె బాగ లేదని, అంత దూరం విమానంల వద్దని దవాఖానల డాక్టర్ చెప్పిండట. అప్పుడు, "వచ్చే ఏడు చూద్దాం" అని నాకు మెసేజ్ పెట్టింది. నేను కూడ అట్లనే అనుకున్న. వచ్చే ఏడు అంటే ఉంటది అనుకుంటం కద.

ఆ బొమ్మ ఇప్పుడు మా క్యాంపుల ఉన్నది. ఎవరొచ్చినా ముందు నోరు చూసి మెచ్చుకుంటరు, తరువాత తోక ఏదని అడుగుతరు. గీసినామె ఇంకా రాలేదని చెప్పేదాన్ని. ఇప్పుడేం చెప్పాల్నో తెలుస్తలేదు. ఆ పాత చార్టు కూడ కొన్ని బళ్లల్ల ఇంకా ఉండే ఉంటది. దాని దిక్కు చూసే పిల్లలకు దిద్ది చెప్పే మనిషి ఇగ లేదు.

ఆమెను ఆఖరుసారి చూసింది ఆ సెలవు అయిపోయి నేను కోస్టారికాకు వాపస్ వస్తున్న రోజు. మొయినాబాద్ స్టాప్ దాంక తోడొచ్చింది. వద్దంటే వినలే. మెహదీపట్నం బస్సు ఎక్కి కిటికీ పక్కన కూసున్న. బస్సు కదిలేలోపే ఆమె ఇంటిదిక్కు పోనీకి రోడ్డు దాటుతున్నది. శనివారం సాయంత్రం, ఫామ్‌హౌజులకు పోయే కార్లు వరుస కట్టి ఉన్నయి. అన్నీ హారన్లు కొడుతున్నయి. ఒక టిప్పర్ ఆయన తల బయట పెట్టి తిడుతున్నడు. టీచర్‌కు అవేవీ లేవు. తెల్ల చీర కొంగు భుజం చుట్టు తిప్పుకొని, ఒక చెయ్యి పైకెత్తి పట్టుకొని, తొందర లేకుండ, కుడి ఎడమ చూసుకుంట, ఆ చప్పుడంత మధ్యలకెల్లి తన నిశ్శబ్దంల తాను నడిచి అవతలి దిక్కుకు పోయింది.