పెద్దమ్మ పూసుకున్న రూసా నూనె

పోయిన నెల ఎండ తట్టుకోలేక, కాసేపు నీడన నిలబడదామని హైదరాబాదులో మా వీధి చివర కొత్తగా తెరిచిన సబ్బుల దుకాణంలోకి వెళ్లాను. గోడ పొడుగునా గోధుమరంగు చిన్న సీసాలు, ఒక్కొక్కదాని మీదా ఒక్కో మొక్క బొమ్మ. కౌంటరు దగ్గరి అమ్మాయి నవ్వుతూ ఒక సీసా మూత తీసి, కాగితపు ముక్క కొసను అందులో ముంచి నా చేతికిస్తూ, ఇది అన్ని రకాల క్రిములనూ చంపుతుంది మేడమ్, గాయాలకు కూడా వాడుకోవచ్చు అని చెప్పింది. ముక్కు దాకా తెచ్చుకోకముందే నాకు తెలిసిపోయింది. గులాబీ రేకులను పచ్చిగడ్డితో కలిపి నలిపినట్టుండే వాసన అది. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. ఆ పిల్ల ఎండదెబ్బ అనుకుని కంగారుగా నీళ్లు తెచ్చింది. ముప్పై ఏళ్ల కిందటి సంగతి ఆమెకు ఎక్కడినుంచి చెప్పను? మీరైతే నా ఈడువాళ్లు, ఎస్టీడీ బూతుల ముందు వరుసలో నిలబడి చెమటలు కక్కినవాళ్లు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది మీకు చెప్పుకోవచ్చు.

నేను పుట్టింది పిట్లంలో. బాపుకు అక్కడ కిరాణా కొట్టు ఉండేది. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోవడంతో, బాపుకు అన్న అయిన పెద్దబాపు నన్ను బాన్సువాడ పక్కనున్న తన ఊరికి తెచ్చుకున్నాడు. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. అందుకని ఆ ఇంట్లో నా మాటకు ఉన్న విలువ ఇంతా అంతా కాదు. నాలుగో తరగతిలో నేను పాఠం చదువుతుంటే పెద్దమ్మ పొయ్యి మీది కూర మాడుతున్నా లేవకుండా వినేది. తను అక్షరం ముక్క ఎరగదు. చదువుకున్నవాళ్ల నోట అబద్ధం రాదని ఆమె గట్టి నమ్మకం.

పెద్దబాపుకు నిజాంసాగర్ కాలువ కింద కొంత వరి పొలమూ, కాలువ నీళ్లెక్కని మెరక మీద కొంత చెల్కా ఉండేవి. ఆ చెల్కలో ఏది వేసినా పందుల పాలో, ఎండల పాలో అయ్యేది. తొంభైల మొదట్లో ఆయన రుద్రూర్ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లి అడిగి తెలుసుకుని, చెల్క నిండా రూసా గడ్డి పెట్టాడు. రూసా మా వైపు గుట్టల మీద తనంతట తానే మొలిచేదే. పశువు పెద్దగా ముట్టదు, నీళ్లు అంతగా అడగదు, పూతకు వచ్చినప్పుడు కోసి ఆవిరి పడితే నూనె దిగుతుంది. సబ్బులవాళ్లకూ అత్తరువాళ్లకూ అది కావాలి. చెల్క గట్టు మీదే బట్టి పెట్టించాడు. పెద్ద ఇనుప డ్రమ్ము, దాని కింద పొయ్యి, మూత నుంచి బయలుదేరి సిమెంటు తొట్టిలోని చల్లనీళ్లలో చుట్టలు తిరిగి బయటికి వచ్చే గొట్టం, అంతే. డ్రమ్ములో గడ్డి కూరి మంట పెడితే గొట్టం కొసన బొట్టు బొట్టుగా నీళ్లూ నూనే కలిసి కారేవి. నీళ్ల మీద తేలిన లేతపసుపు నూనెను పెద్దమ్మ గరిటెతో ఎంత ఒడుపుగా తీసేదంటే, ఒక్క నీటి చుక్క సీసాలో పడేది కాదు. కోతల రోజుల్లో ఆమె చీరకు, జుట్టుకు, ఆమె కలిపి పెట్టిన అన్నం ముద్దకు కూడా అదే వాసన. ఊళ్లోవాళ్లు నవ్వేవారు. మా పెద్దమ్మ బస్సెక్కితే వెనక సీటు దాకా తెలిసిపోతుందని.

నేను హైదరాబాదులో సూక్ష్మజీవశాస్త్రం ఎమ్మెస్సీలో చేరినప్పుడు, ప్రాజెక్టుకు ఏం తీసుకుందామని మా గైడు సారు అడిగితే క్షణం ఆలోచించకుండా మా ఇంటి నూనె అన్నాను. మరుసటి సెలవుల్లో పెద్దమ్మ గుడ్డ చుట్టి ఇచ్చిన సీసాతో ల్యాబుకు వెళ్లాను. ముందు ఆ నూనెలో ఏమేమున్నాయో విడదీసి చూశాం. యంత్రం కాగితం మీద గుట్టల వరుసలా గీతలు గీసుకుంటూ పోయింది. అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం జెరానియాల్. గులాబీ వాసనకు మూలం అదే. దాని పక్కన మరుగుజ్జుల్లా లినలూల్, ఇంకొన్ని. ఆ తరువాత అసలు పని. క్రిములు పెరగడానికి గాజు పళ్లెంలో పోసి పేరబెట్టిన జిగురు మేత మీద, పుండ్లలో చీము పట్టించే క్రిమిని పరిచి, నూనెలో తడిపిన చిన్న కాగితపు బిళ్లను నడుమ పెట్టి, మర్నాటి దాకా వెచ్చని పెట్టెలో ఉంచాం. మర్నాడు మూత తీస్తే పళ్లెమంతా క్రిమి మూగి మసకబారి ఉంది, బిళ్ల చుట్టూ మాత్రం అద్దంలాంటి వలయం. అక్కడ ఒక్క క్రిమీ మొలవలేదు. స్కేలుతో ఒకటికి రెండుసార్లు కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదంటే నమ్మండి.

ఆ పళ్లెం ఫొటో తీయించి సెలవులకు ఇంటికి తెచ్చాను. పెద్దమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"గీ బిళ్ల సుట్టు గుండ్రంగ ఖాళీ ఉన్నదేంది బిడ్డా?"

"అక్కడి పురుగులన్ని సచ్చిపోయినయి పెద్దమ్మా. నువ్వు తీసిన నూనె ముందట చీము పురుగు నిలవది."

"అవునా! గడ్డి ఉడకబెడుతున్న అనుకున్నగని, నేను మందు చేస్తున్ననా!" అని పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అది మొదలు ఊళ్లో ఎవరికి గజ్జి లేచినా, వేలు తెగినా పెద్దమ్మ సీసా పట్టుకుని పోయేది. మా బిడ్డ మిషన్ల పెట్టి సూసింది అని చెప్పేది. కొందరికి తగ్గింది కూడా. నేను వద్దనలేదు. నాకు గర్వంగా ఉండేది.

పెద్దమ్మకు అప్పటికి నాలుగైదేళ్లుగా షుగరు. బాన్సువాడ డాక్టరు ఇచ్చిన గోలీలు గుర్తుంటే వేసుకునేది, లేకుంటే లేదు. అరికాళ్లు మొద్దుబారుతున్నాయని అప్పుడప్పుడు అనేది. ఇవన్నీ నాకు తెలుసు. తెలుసు అన్న ఈ ఒక్క మాట దగ్గరే నేను ఈనాటికీ ఆగిపోతుంటాను.

రెండో ఏడు కోతలప్పుడు కోసిన గడ్డి మోడు ఒకటి ఆమె కాలి వేళ్ల సందున దిగింది. దిగిన సంగతి ఆమెకు సాయంత్రం కాళ్లు కడుక్కుంటే గాని తెలియలేదట. నూనె పూసి గుడ్డ కట్టుకుంది. వారం గడిచాక అంగడికని బాన్సువాడ వచ్చి, ఎస్టీడీ బూతు అతని చేత నంబరు తిప్పించి మా హాస్టలుకు ఫోను చేసింది. అంతకు ముందు ఆమె ఎప్పుడూ ఫోను చేసి ఎరగదు. నేను ల్యాబుకు పరుగెడుతున్నాను. వేళకు తీయకపోతే పళ్లేలు పాడవుతాయి.

"బిడ్డా, కాల్ల గడ్డి మోడు గుచ్చుకున్నది. మన నూనెనే పూస్తున్న. నొప్పైతె లేదు. గింతనే సాలునా, దవాఖానకు పోవాల్నా?"

"నొప్పి లేదంటే మానుతున్నట్టే పెద్దమ్మా. పొద్దుమాపు పుయ్యి, తగ్గుతది. నాకు టైం అయితుంది, పెడుతున్న."

షుగరున్న మనిషి కాలికి నొప్పి లేకపోవడమే ప్రమాదమని ఇవాళ మా ఇంట్లో పనిచేసే ఆమెకు కూడా తెలుసు. ఎమ్మెస్సీ చదివే నాకు ఆ క్షణాన తట్టలేదు. ఎంత లోతు అని అడగలేదు, ఏ రంగులో ఉంది అని అడగలేదు. నా పళ్లేలు మాత్రం ఆ రోజు వేళకే తీశాను. వలయాలు చక్కగా వచ్చాయి.

మూడు వారాల తరువాత ఊరికి వెళ్లాను. గడపలోకి అడుగు పెట్టగానే గుప్పుమని గులాబీ వాసన. బట్టి ఇంట్లోకి తెచ్చారా అన్నంత. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మొహం ఉబ్బి, కళ్లు ఎర్రగా, ఒళ్లు కాలిపోతున్నది. నన్ను చూడగానే నవ్వింది. పెద్దబాపు గుమ్మంలో నిలబడి, "దవాఖాన అంటే కస్సుమంటది, మన నూనెకు మించిన మందు లేదంటది, నువ్వే అడుగు" అన్నాడు. నేను కట్టు విప్పాను. రెండు వేళ్లు బొగ్గుల్లా ఉన్నాయి. నలుపు పాదం మీదికి పాకింది. నన్ను ఇన్నేళ్లుగా వెంటాడుతున్నది ఆ నలుపు కాదు. కుళ్లిన మాంసానికి రావలసిన వాసన నా ముక్కుకు రాలేదు. అంత దగ్గర నుంచి చూస్తున్నా గులాబీలే. ఆ వాసనే వచ్చి ఉంటే పెద్దబాపు పది రోజుల కిందటే ఆమెను బండెక్కించి ఉండేవాడు. క్రిమిని చంపలేని నూనె, క్రిమి చేసే పనిని మాత్రం కప్పిపెట్టింది.

జీపు మాట్లాడుకుని నిజామాబాద్ దవాఖానకు బయలుదేరాం. వెనక సీటులో పెద్దమ్మ తల నా ఒడిలో ఉంది. దారిలో వర్ని ఊరు దాటాక పెద్దబాపు ముందు సీటు నుంచి వెనక్కి తిరిగాడు.

"నువ్వన్నా దవాఖానకు పొమ్మని చెప్పకపోతివా బిడ్డా?"

నేను నోరు తెరిచాను. మాట రాకముందే పెద్దమ్మ కళ్లు మూసుకునే అంది:

"చెప్పింది. ఫోన్ల మొత్తుకున్నది. నేనే ఇనలే."

అంటూనే నా చేతిని గట్టిగా నొక్కింది. జ్వరంతో ఆ చేయి పెనంలా కాలుతున్నది. నేను నోరు మూసుకున్నాను.

మోకాలి కిందికి కాలు తీసేశారు. పది రోజులు ముందు తెస్తే వేళ్లతో పోయేదని డాక్టరు అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు, కోపంగా కూడా కాదు.

నేను ల్యాబుకు తిరిగి వెళ్లి సారును ఒక్క ప్రయోగం అదనంగా చేయనివ్వమని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. ఈసారి జిగురు మేతలో రక్తం నుంచి తీసిన తేటను కలిపి, అదే క్రిమి, అదే నూనె, అదే బిళ్ల పెట్టాను. మర్నాడు చూస్తే ఆ వెడల్పాటి వలయం ముడుచుకుపోయి బిళ్లను అంటుకుని సన్నని గీతలా మిగిలింది. నెత్తుటిలోని మాంసకృత్తులు నూనెను పట్టేసుకుంటాయి, క్రిమి దాకా పోనివ్వవు అన్నారు సారు, గాజు పళ్లెం మనిషి కాదు కదమ్మా అని కూడా అన్నారు. ఆ ఫలితాన్ని చివరి అధ్యాయంలో ఒక పేరాగా రాశాను. ఆ పేరాకు నాకు మంచి మార్కులు వచ్చాయి.

ఆ వేసవిలో ఒకరోజు పెద్దమ్మకు వేడినీళ్లు పోస్తూ, పెద్దబాపుతో అట్లా ఎందుకు చెప్పావని అడిగేశాను. ఆమె వీపు అటు తిప్పి ఉంది.

"మీ పెద్దబాపు కోపం నీకెరుక లేదు. సదువు బందు వెట్టిస్తడు. కాలైతె పాయె, నీ సదువు గూడ పోవాల్నా? నీళ్లు పొయ్యి, సల్లారుతున్నయి."

అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. చంక కర్ర మీద గచ్చంతా తిరుగుతూ ఇంకో ఆరేళ్లు బతికింది. బట్టి వైపు మాత్రం పోలేదు. పెద్దబాపు ఆ ఏడే గడ్డి పీకించి డ్రమ్మును పాతసామానువాడికి ఇచ్చేశాడు.

ఆమె పోయాక అసలు శిక్ష మొదలైంది. ప్రతి సంవత్సరీకానికీ నేను ఊరికి వెళ్లేదాన్ని. పెద్దబాపు ఆమె ఫొటోకు బొట్టు పెడుతూ, చుట్టాలందరి ముందూ తిట్టేవాడు. "మొండిది. పిల్ల గంత దూరంకెల్లి మొత్తుకున్నా ఇనలే. ఇంటె నీ సొమ్మేం పోయింది? నన్ను ఒక్కన్ని జేసి పోయినవు." తిడుతూ ఏడ్చేవాడు. ఏడ్చి నా తల నిమిరేవాడు. నేను చేతిలో పూలతో పక్కన నిలబడి ఉండేదాన్ని. ఆమె మీద ఆయనకు అంత కోపం మిగలడానికి కారణం నేను, ఆ కోపం కరిగించగలిగిన మాట నా దగ్గరే ఉంది, ఏటేటా ఆ మాటను మింగి బస్సెక్కేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక, అప్పటికి నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, ఈసారి చెప్పి తీరాలని ఒక ఆదివారం ప్రత్యేకంగా వెళ్లాను. పెద్దబాపుకు చూపు మందగించింది. అరుగు మీద కూర్చుని నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు. నేను పక్కన కూర్చుని, పెద్దబాపూ, పెద్దమ్మ కాలి సంగతి ఒకటి చెప్పాలె అన్నాను. ఆయన చేయి ఊపాడు. "ఇగ దాని ముచ్చటెందుకు బిడ్డా. దానికి ఇనే రాత లేదు. మనింట్ల ఒక్కలన్న సదివిండ్రు, మంచి సెడ్డ చెప్పెటోళ్లు ఒకలున్నరు అని గంత దైర్నం మీదనే నేనున్న." నేను ఆయన మొహంలోకి చూశాను. చాయ తాగి, మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చాను. ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. పెద్దమ్మ మాట వినని మొండిదనే నమ్మకంతోనే పోయాడు.

ఇప్పుడు బాన్సువాడలో వీధికో ల్యాబు. వేలు మీద సూది గుచ్చి ఇంట్లోనే షుగరు చూసుకుంటున్నారు, చుట్టాల ఇళ్లల్లో ముసలివాళ్లు అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోవడం నేను చూశాను. మంచిదే. మా పెద్దమ్మకు అది అందలేదు. ఎవరికైనా ఏదైనా అయితే నన్ను అడుగుతారు, నేను దవాఖానకు పొండి అంటాను. నేను చెప్పింది నిజమో కాదో అని అక్కడికక్కడే ఫోనులో వెతుక్కుంటారు. మొదట్లో చిన్నతనంగా అనిపించేది, తరువాత గుండెల మీది బరువు దిగినట్టుగా ఉండేది, నా మాట మీద ఒక్క ప్రాణమూ ఆధారపడి లేదని. కానీ ఈ మధ్య దిగులుగా ఉంటున్నది. అంగడి గోలలో ఒక చెవి మూసుకుని, రెండో చెవికి రిసీవరు ఆనించి, నేను ఏది చెబితే అది చేద్దామని నిలబడిన మనిషి ఒకప్పుడు నాకుండేది. ఆమెకు నేనిచ్చింది అర నిమిషం.