నలుగురిలో మాట్లాడలేని సారు

నేను డిగ్రీ పూర్తి చేసిన రోజుల్లో కరీంనగర్‌లో ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉండేది గానీ, జీవితాలు మార్చేవాళ్లు మాత్రం వీధికొకరు దొరికేవారు. అలాంటి ఒక సారు దగ్గరే నాకు మొదటి కొలువు దొరికింది. ప్రతి చౌరస్తాలోనూ ఫ్లెక్సీ మీద చేతులు కట్టుకుని నవ్వుతూ ఉండేవారాయన (అన్నిట్లోనూ అదే కోటు, ఆయనకున్నది అదొక్కటే). ఉచితంగా సభ పెట్టడం, చివర్లో జనంతో ఫీజు కట్టించి వ్యక్తిత్వ వికాసం కోర్సులో చేర్పించడం ఆయన పద్ధతి. నేను జనం మధ్య నుంచి లేచి, "నలుగురిలో మాట్లాడాలంటే వణికేదాన్ని, సారు మాటలు విని మారిపోయాను" అని చెప్పాలి. తర్వాత ఎవరైనా కళ్లు తుడుచుకుంటే ఫోన్‌లో వీడియో తీయాలి. గొంతు ఎక్కడ వణకాలో సారే నేర్పించారు. చిన్నప్పటి నుంచి చర్చిలో మైకు పట్టుకుని పెరిగినదాన్ని, నాకు ఆ వణకడమే సరిగా వచ్చేది కాదు.

బెల్లంపల్లి సభ బాగా జరిగితే ఉద్యోగం పర్మనెంట్ చేస్తానన్నారు. అది మా మేనత్త ఊరు. హాలు నిండాలి కదా అని ఆమెకు ఫోన్ చేశాను. "మా అన్న బిడ్డ మాట్లాడుతదట, రాండ్రి" అని ఆమె చర్చి మొత్తాన్నీ తీసుకొచ్చి ముందు వరుసల్లో కూర్చోబెట్టింది. నేను లేచాను. తెలిసిన ముఖాలన్నీ ఒక్కసారిగా కనబడేసరికి నేర్చుకున్నదంతా మరచిపోయి, అలవాటు కొద్దీ "మీ అందరి ముందు నా సాక్ష్యం చెప్పుకోవడానికి..." అనేశాను. హాలంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది.

(సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలు నలుగురికీ చెప్పుకోవడం. ఒకరు చెప్పి కూర్చుంటే ఇంకొకరు లేస్తారు, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.) అదే జరిగింది. బొగ్గుబావిలో కప్పు కూలినా బతికి బయటపడ్డ తాత లేచాడు. దుబాయిలో కొడుకు జాడ దొరికిన తల్లి లేచింది. సారు మైకు కోసం చేయి చాచడం, మైకు మరొకరి చేతికి పోవడం, పొద్దంతా ఇదే పని. చివరికి మా మేనత్త వేదికెక్కి సారు తల మీద చేయి పెట్టింది.

"తండ్రీ, గీ బిడ్డకు నలుగురిల మాట్లాడే ధైర్యం ఇయ్యి. పాపం, వచ్చినకాన్నుంచి నోరు తెరుస్తలేడు. జర ఆయన ఫికర్ పోగొట్టు తండ్రీ!"

సారు వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు మైకులో వినిపించింది.

కోర్సులో ఒక్కరూ చేరలేదు. తిరుగు ప్రయాణంలో మంచిర్యాల దాటాక సారు వేదిక భాష పక్కన పెట్టి, "గా పెద్దమ్మ నెత్తి మీద చెయ్యి పెడితే నన్ను గన్న మా అవ్వ యాదికొచ్చింది. ఆమె పోయినంక గిట్ల ఎన్నడు ఏడ్వలే" అన్నారు. అంతలోనే అడిగారు:

"నేను ఏడ్సింది వీడియోల పడ్డదా?"

"లేదు సార్. ప్రార్థన కదా, కండ్లు మూసుకున్న."

ఆయన నా వైపు తిరిగి, "గసొంటి ఏడుపు మల్ల వస్తదా?" అన్నారు. ఆ వారమే నా ఉద్యోగం పోయింది. ఇంట్లో మా నాన్న, బాపు ముందు కూర్చుని ఎంత ఏడ్చానో!

ఇప్పుడు నా ఫోన్‌లో పిల్లల పుట్టినరోజుల నుంచి మొన్నటి పచ్చిపులుసు దాకా అన్నిటి వీడియోలూ ఉన్నాయి. చర్చిలో కూడా కళ్లు మూసుకునే ముందు ఫోన్ ఎటు తిరిగుందో చూసుకుంటున్నాను. చేసే కొలువు సంగతే మరచి, రెండు కళ్లూ గట్టిగా మూసుకున్న ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయగా కూడా ఉంటుంది.