నాలుగు దాటని లెక్క

మా మామ ఏ కాస్త ఎత్తు నుంచి దిగినా నోట్లోనే నాలుగు దాకా లెక్కపెట్టి, తల పైకెత్తి చూసేవాడు. మొరప్పూర్‌లో బస్సు మెట్టు దిగినా అంతే. సైన్యంలో విమానాల నుంచి పారాచూట్‌తో దూకిన మనిషి. నాలుగు లెక్కపెట్టేలోపు గొడుగు తెరుచుకోవాలట. తెరుచుకోకపోతే రొమ్ము మీదున్న రెండో గొడుగు పిడి లాగాలట.

ఆ వేసవిలో మహేంద్రమంగళంలో మా టమాటా తోటకు మందు కొట్టడానికి డ్రోన్ తెప్పించాను. మామ గట్టు మీద నిలబడి దాన్నే చూస్తున్నాడు.

"మా కాలంలో మేము నేలకు దిగినాకనే శత్రువుకు తెలిసేది," అన్నాడు. "ఇప్పుడు ఇట్లాంటిది ఒకటి పైనుంటే, విమానం కనపడకముందే తెలిసిపోతాది."

"అయితే ఇంక దూకేదే ఉండదా మామా?"

"ఉంటాది. దూకేది పెద్ద కష్టం గాదురా. దూకినోళ్ల దగ్గరికి మనోళ్లు నేల మీద బండ్లతో వచ్చి చేరల్ల. అంతవరకు చేతిలో తుపాకి తప్ప ఏమీ ఉండదు. ఇది చూస్తా ఉంటే యాడ దాక్కుంటాం?"

డ్రోన్ మావైపు తిరిగి వచ్చింది. దాని నీడ ఆయన ముఖం మీద పడి అక్కడే ఆగింది. మామ గట్టు దిగాడు. నాలుగు లెక్కపెట్టి తల ఎత్తాడు. తర్వాత ఐదు అన్నాడు. ఆరు, ఏడు. పదకొండు దగ్గర నేను భుజం పట్టుకున్నాను.

"ఇంకా తెరుచుకోలేదురా," అన్నాడు మెల్లగా.

నీళ్లు కట్టిన మడిలో ఆయన పాదాలు చీలమండల దాకా దిగబడి ఉన్నాయి. చెయ్యి మాత్రం రొమ్ము మీద ఆ రెండో గొడుగు పిడి కోసం వెతుకుతోంది.