పచ్చచుక్క కోసం

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఆమెది ఫోను దగ్గరి కుర్చీ. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్లు గంట నొక్కుతారు. ఆ గంట ఈమె బల్ల మీద మోగుతుంది. మెకానిక్కు వెళ్లి తలుపు తీసేదాకా లోపలి మనిషితో మాట్లాడుతూ ఉండాలి. ఉద్యోగం అంతే.

అంతే అనడం తేలిక.

ఆఫీసులో అందరికీ ఆమె పెద్దక్క. మాట్లాడేటప్పుడు కళ్లు మూసుకుంటుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని అవతలి ఊపిరి వింటుంది. ఎవరింటికి వెళ్తున్నారు, సంచిలో ఏముంది, మోకాళ్ల నొప్పి తగ్గిందా, అడుగుతూనే ఉంటుంది. గొంతు ఆగితే లైను తెగిందనుకుంటారు. అలా అనుకున్నవాళ్లు తలుపు సందులో వేళ్లు పెట్టి లాగుతారు. అదే క్షణంలో లిఫ్టు కదిలితే ఏమవుతుందో ఆమె ఎవరికీ చెప్పదు. తెలుసు కాబట్టి మాట్లాడుతుంది.

కొత్త మేనేజరు వచ్చి ప్రతి కంప్యూటరు తెర మూలన ఒక చుక్క పెట్టించాడు. మౌస్ కదిలితే పచ్చ. కదలకపోతే పసుపు, ఆ తర్వాత ఎరుపు. ఎరుపంటే మనిషి పనిలో లేనట్టు.

పెద్దక్క చుక్క పొద్దస్తమానం ఎరుపే.

“నేను మాట్లాడుతున్నాను కదండీ,” అంది.

“మాటలు సిస్టమ్‌కు కనపడవు మేడమ్. మౌస్ కనపడుతుంది. ఇలాగే ఉంటే ఆ కుర్చీలో ఇంకొకళ్లను పెట్టమంటారు పైవాళ్లు. నా చేతుల్లో ఏముంది చెప్పండి?”

సాయంత్రం ఇంట్లో చెప్పింది. అన్నకూతురు ఆమె దగ్గరే ఉంటూ కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తోంది. విని పగలబడి నవ్వింది.

“దానికింత గింజుకుంటావేంటత్తా? మౌసే కదా కావాలి వాళ్లకి. ఆడించు.”

“ఏం ఆడించను? బల్ల తుడిచినట్టు అటూ ఇటూనా?”

“ఇలా రా, చూపిస్తా.”

బ్రౌజరులో ఒక ఆట తెరిచింది. పంగలకర్ర. దాని రబ్బరులో గుండ్రటి రాయి. ఎదురుగా చెక్కలూ గాజు పలకలూ బండలూ పేర్చిన మేడ. మేడ మీద కుండ. మౌస్‌తో రబ్బరు లాగి వదిలి కుండను పడగొట్టాలి.

మొదటి రాయి పంగలకర్ర కిందే పడింది.

“అంత పిరికిగా లాగితే ఎలా? ఇంకా వెనక్కి. కాస్త కిందికి. రాయికి బరువుంటుందత్తా, తిన్నగా పోదు, వంగుతుంది.”

“బరువు గురించి నాకు చెప్తున్నావా? లిఫ్టుల కంపెనీ నాది.”

“అయితే కొట్టు మరి, ఓనరమ్మా!”

కొట్టింది. గాజు పగిలింది. చెక్క ఒరిగింది. బండ దొర్లింది. కుండ మాత్రం కదలకుండా కూర్చుంది.

“దీని మొండితనం పాడుగానూ!” అంటూ పెద్దక్క మళ్లీ రబ్బరు లాగింది.

మర్నాటి నుంచి ఆఫీసులో ఆడింది. నోటితో మాట్లాడుతూ చేత్తో రాళ్లు విసిరింది. చుక్క పచ్చబడింది. ఆట బాగుంది కూడా. ఏ చెక్కకు తగిలితే ఏ బండ జారుతుందో ముందే తెలియడంలో ఒక సుఖం ఉంది. కళ్లు మూసుకోవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం గంట మోగింది. ట్యూషన్లు చెప్పే టీచరమ్మ రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల దీపం ఆరిపోయింది. పెద్దక్క ధైర్యం చెబుతూనే రబ్బరు లాగి వదిలింది. రాయి అడుగు బండకు తగిలింది. మేడ ఊగింది. కుండ అంచుకు జరిగి, పడాలా వద్దా అన్నట్టు ఆగింది.

పెద్దక్క మాట కూడా ఆగింది. కుండ పడేంతసేపే.

“హలో? హలో? ఉన్నారా?” అని వినపడింది. ఆమె తేరుకుని బదులిచ్చేలోపు ఫోనులో అరుపు.

కాసేపటికి మెకానిక్కు ఫోను చేశాడు.

“అక్కా, నీ కుర్చీలో ఇవాళ ఎవరున్నారు?”

“నేనేనయ్యా. ఏమైంది?”

“నువ్వేనా? మరి లైను తెగిందంటుందేంటి ఈవిడ? తలుపు లాగబోయింది. అది తిరిగి మూసుకుని రెండు వేళ్లు నలిగాయి. ఆస్పత్రికి తీసుకెళ్తున్నా. అప్పటికే పైన కరెంటు కట్టేశాను కాబట్టి బతికింది. లేకపోతే చెయ్యి దక్కేది కాదు.”

పెద్దక్క లేచి మేనేజరు గదిలోకి వెళ్లింది. నోరు తెరిచేలోపే అతను నవ్వుతూ ఎదురొచ్చాడు.

“రండి రండి మేడమ్! ఈ వారం ఆఫీసు మొత్తానికి మీరే ఫస్ట్. తల్చుకుంటే చెయ్యగలరు, చూశారా?”

“ఏం చేశానో తెలుసా మీకు? రాళ్లు విసిరాను. పంగలకర్రతో కుండలు కొట్టాను. నా మాట ఆగి ఒకావిడ వేళ్లు నలిగాయి.”

అతను తలుపు వైపు చూశాడు.

“మెల్లగా, మేడమ్. ఇది మీరు నాకు చెప్పనట్టే. చుక్క బాగుంది కదా, ఎందుకు పాడుచేసుకుంటారు?”

పని చేసినన్నాళ్లూ పనిలో లేవన్నారు. పని వదిలి ఆడితే మెచ్చుకున్నారు. పని చెడిందంటే నోరు మూసుకోమంటున్నారు.

“ఆవిడ దగ్గరికి వెళ్లి నిజం చెప్తాను. తప్పు నాది, నేను మోస్తాను. ఆ చుక్క మాత్రం మీది. అది మీరు మొయ్యండి.”

“ఉద్యోగం పోతుంది మేడమ్.”

“తీసేసే రోజున తీసెయ్యండి. అందాకా మౌస్ ముట్టను.”

బల్ల దగ్గరికి వచ్చేసరికి గంట మోగుతోంది. ఫోను ఎత్తింది. ఎవరో ముసలాయన. ఆట మూసేసి, చేతులు ఒళ్లోకి తీసుకుంది.

“కంగారు పడకండి తాతగారూ. మనిషి బయల్దేరాడు. ఎవరింటికొచ్చారు?”

“మనవరాలింటికి. నీకెందుకమ్మా అవన్నీ?”

“ఊరికే. చెప్పండి, ఏం చేస్తుంది?”

మేనేజరు వెనకే వచ్చాడు. తెర మీద పసుపు ఎరుపైంది. “మేడమ్, ఒక్కసారి కదపండి,” అన్నాడు. ఆమె కదపలేదు. అతనే వంగి మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పచ్చబడింది.

పెద్దక్క అతని మణికట్టు పట్టుకుని, ఎంగిలాకు తీసినట్టు తీసి అవతల పెట్టింది. మౌస్ వైరు ఊడబెరికి అతని చేతిలో పెట్టింది. ఫోనులో మాట్లాడుతూనే ఉంది.

“అలాగా? మీ పోలికేనా తాతగారూ? మరి కోపం ఎవరిది వచ్చింది దానికి?”